కె-జెట్రానిక్ కారు స్టార్ట్ కావడం లేదా? బటన్ బిగించే ముందు ఇవి చూడండి

బాష్ సంస్థ 1973లో తెచ్చిన కె-జెట్రానిక్ ఇంధన వ్యవస్థ మెర్సిడెస్ 280ఇ, వోల్వో 240, పోర్షే 911 ఎస్‌సి వంటి కార్లలో ఉంటుంది. ఇవి మొరాయిస్తే కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌కు (చల్లని ఇంజిన్‌లోకి అదనంగా పెట్రోల్ చిమ్మే భాగం) బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి, డ్యాష్‌బోర్డుపై బటన్ పెట్టేవారు చాలామంది. దయచేసి అలా చేయకండి.

సమస్య: సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా చల్లని ఇంజిన్ అందుకోదు

చాలా మోడళ్లలో ఈ వాల్వ్‌కు సెల్ఫ్ తిరిగేటప్పుడే కరెంటు వస్తుంది. ఎర్త్ మాత్రం ఇంజిన్ వేడిని బట్టి పనిచేసే థర్మో టైమ్ స్విచ్ ఇస్తుంది. మైనస్ 20 డిగ్రీల చలిలో అది సుమారు 8 సెకన్లు ఎర్త్ ఇస్తుంది; ఇంజిన్ 35 డిగ్రీలు దాటితే సాధారణంగా ఇవ్వదు. కాబట్టి మే నెల హైదరాబాద్ ఎండలో ఆగిన కారుకు ఈ వాల్వ్‌ను అనుమానించి లాభం లేదు.

చల్లగా ఉన్నప్పుడే పరీక్షించండి. ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేయండి, మంటలార్పే సిలిండర్ దగ్గర ఉంచుకోండి. పైపు, వైరు కదపకుండా వాల్వ్‌ను విప్పి, మూతిని గాజు సీసాలో పెట్టి సెల్ఫ్ తిప్పించండి. శంకువు ఆకారంలో తుంపర రావాలి. రాకపోతే స్విచ్‌కు వెళ్లే వాల్వ్ వైరును ఎర్త్ చేసి చూడండి. ఇప్పుడు వస్తే స్విచ్ పోయినట్టే. అయినా రాకపోతే వాల్వ్ ప్లగ్‌లో కరెంటు ఉందో లేదో చూడండి; ఉంటే వాల్వ్ మార్చాలి. సెల్ఫ్ ఆపి మూతి తుడిచాక నిమిషంలోపు చుక్క కారినా వాల్వ్ లీకవుతున్నట్టే.

సమస్య: స్టార్ట్ అయ్యాక తడబడి ఆగిపోతుంది

ఇది వార్మప్ రెగ్యులేటర్ (ఇంజిన్ వేడెక్కేదాకా పెట్రోల్ ఎక్కువ అందేలా చూసే భాగం) లోపం కావచ్చు. చల్లని ఇంజిన్‌లో కంట్రోల్ ప్రెషర్ (పెట్రోల్ మోతాదును అదుపుచేసే పీడనం) ఎక్కువగా ఉంటే పెట్రోల్ చాలదు. గేజ్ పెట్టి కొలవండి.

సమస్య: వేడి ఇంజిన్ ఆపిన అరగంటకు మళ్లీ అందుకోదు

పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంపు చెక్ వాల్వ్ గానీ, ఇంజిన్ ఆగాక పీడనం నిలిపే అక్యుములేటర్ గానీ లీకైతే పైపుల్లో పీడనం పడిపోయి పెట్రోల్ ఆవిరవుతుంది. బటన్ నొక్కితే ఇంజిన్ లేస్తుంది, నిజమే. లీకు మాత్రం అలాగే ఉంటుంది. విడిభాగం వచ్చేలోగా బటన్ తప్పదనుకుంటే దాన్ని ఎర్త్ వైపే బిగించండి. అప్పుడు సెల్ఫ్ తిరుగుతున్నంతసేపే తుంపర పడుతుంది. నేరుగా బ్యాటరీకి కలిపితే ఆగి ఉన్న ఇంజిన్‌లోకి పెట్రోల్ చేరి, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. కొన్ని కార్లలో ఈ వాల్వ్‌కు రిలే ద్వారా కూడా కరెంటు అందుతుంది. వైరింగ్ చిత్రం చూడకుండా మొదలుపెట్టకండి.

సమస్య: 911లో 'ఢాం' అన్న శబ్దం, తర్వాత ఐడిలింగ్ ఉండదు

ఇందులో కోల్డ్ స్టార్ట్ పెట్రోల్ ప్లాస్టిక్ ఎయిర్ బాక్స్‌లోకే వెళ్తుంది. వెనక్కి తన్నిన మంటకు అది అంటుకుంటే బాక్స్ పగులుతుంది, లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతుంది. పగిలితే బాక్స్ మార్చాలి. పగలకముందే పాప్-ఆఫ్ వాల్వ్ అమర్చడం ఈ కారుకు చేయదగ్గ అతి మంచి మార్పు: పీడనం పెరగగానే దాని స్ప్రింగ్ మూత తెరుచుకుంటుంది. మూత రబ్బరు సరిగా కూర్చుందో లేదో సర్వీసు చేయించిన ప్రతిసారీ చూడండి. అక్కడ సందు ఉన్నా అదే గాలి దూరుతుంది.