ల్యాప్‌టాప్ స్క్రీన్: ముందు దుమ్ము, తర్వాతే తడి

అనంతపురంలో ఎర్రమట్టి గాలి, తాడిపత్రి, బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ దుమ్ము, ఎర్రగుంట్ల వైపు సిమెంటు పొడి. ల్యాప్‌టాప్ కాసేపు తెరిచిపెట్టినా స్క్రీన్ మీద పలుచగా పరుచుకుంటాయి. ఆ దుమ్ము దులపకుండానే తడిగుడ్డ పెట్టడం వల్లే గీతలు పడతాయి. ఎర్రమట్టిలో కలిసే ఇసుక రేణువు గాజుకంటే గట్టిది. చాలా ల్యాప్‌టాప్‌లలో పైన ఉండేది గాజు కూడా కాదు, మెరుపు తగ్గించే పూత ఉన్న ప్లాస్టిక్ పొర. తడి తగలగానే దుమ్ము బురదై గుడ్డకు పడుతుంది. ఇక దాంతో రుద్దడం ఉప్పుకాగితంతో రుద్దడమే. గీతలు అప్పటికప్పుడు కనబడవు. పక్కనుంచి వెలుతురు పడిన రోజు బయటపడతాయి.

ఇక నీళ్లు. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బకెట్ అంచున తెల్లగా గట్టిపడేది అదే. స్క్రీన్ మీద చుక్క ఆరితే అక్కడా తెల్లటి చార మిగులుతుంది, దాన్ని పోగొట్టాలని ఇంకా గట్టిగా రుద్దుతారు. కాచి చల్లార్చినా లాభం లేదు. కొంత సున్నం అడుగున దిగుతుందే తప్ప మిగతా ఉప్పులు నీళ్లలోనే ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. బ్యాటరీ షాపుల్లో యాసిడ్ కూడా అలాంటి క్యాన్లలోనే అమ్ముతారు కాబట్టి లేబుల్ చదివి, సీలున్నదే తీసుకోండి. లేబుల్ ఊడిపోయిన క్యాన్ జోలికి పోవద్దు. డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే ఆర్వో నీళ్లతో సర్దుకోవచ్చు.

గుడ్డ విషయంలో బేరం లేదు, మైక్రోఫైబరే కావాలి. తడికి ఒకటి, పొడికి ఒకటి. చిన్న స్క్రీన్‌కైతే కళ్లజోడుతో ఇచ్చే గుడ్డ సరిపోతుంది. చీర కొంగు, లుంగీ అంచు, పాత బనియను మెత్తగా అనిపించినా నూలు పోగుల్లో మట్టి దాక్కుని ఉంటుంది. టిష్యూ, పేపరు ముక్కలు కూడా వద్దు. వీటితో పాటు ఎప్పుడూ రంగులో ముంచని ఒక అంగుళం మెత్తటి బ్రష్షు ఉంచుకోండి.

ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. స్లీప్‌లో పెట్టడం చాలదు. పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి, వేడి స్క్రీన్ మీద తడి పడిన చోటే ఆరిపోయి చారలు కడుతుంది. నల్లటి స్క్రీన్ మీద మరకలు బాగా కనబడతాయి కూడా. ఫ్యాను ఆపేయండి, లేకపోతే దులిపిన దుమ్ము మళ్లీ వచ్చి వాలుతుంది.

ఎడమ అరచేయి మూత వెనక ఆనించి, బ్రష్షుతో పైనుంచి కిందికి ఒక్కో వరసా దులపండి. బ్రష్షు బరువే చాలు, నొక్కొద్దు. కింది అంచున, స్క్రీన్ ఫ్రేములోకి దిగే సందులో మట్టి గీతలా పేరుకుంటుంది. అక్కడ కాస్త ఎక్కువసేపు పట్టినా పర్వాలేదు. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి.

తర్వాత గుడ్డను నాలుగు మడతలు వేసి, స్ప్రే సీసాతో రెండు సార్లు గుడ్డ మీద కొట్టండి. స్క్రీన్ మీద ఎప్పుడూ కొట్టకూడదు. జారిన చుక్క కింది అంచులోకి దిగుతుంది, స్క్రీన్‌ను నడిపే సర్క్యూటు, రిబ్బన్ కేబుళ్లు చాలావాటిలో ఉండేది అక్కడే. తర్వాత నిలువు గీతలు వచ్చాయంటే అది తుడిచి బాగుచేసే జబ్బు కాదు. గుడ్డ చేతికి చల్లగా తగలాలి, పిండితే చుక్క రాకూడదు. పైనుంచి మొదలుపెట్టి ఎడమనుంచి కుడికి తేలిగ్గా లాగండి. రెండు మూడు వరసలకు మడత మార్చండి. తుడిచిన వెంటనే పొడి గుడ్డతో తడి తీసేయండి. పొడిగా ఎక్కువసేపు రుద్దితే స్టాటిక్ (రాపిడి విద్యుత్తు) పుట్టి దుమ్మును మళ్లీ లాక్కుంటుంది.

ఉగ్గాని బజ్జీ తిన్న వేళ్ల జిడ్డు నీళ్లకు అంత తేలిగ్గా కదలదు. తడిగుడ్డను మరక మీద పది పదిహేను సెకన్లు ఆనించి ఉంచి, తర్వాత తుడవండి. అప్పటికీ పోకపోతే గ్లాసు డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డ మూలను అందులో తడిపి బాగా పిండి తుడవండి. ఆ వెంటనే ఉత్త నీటి తడితో మరోసారి తుడవకపోతే సబ్బు పొర మిగిలిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆఖరి మార్గం. కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటేనే, అది చెప్పిన పాళ్లలోనే, గుడ్డ మీద. శానిటైజర్ మాత్రం వద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగులుతుంది. అమ్మోనియా కలిసిన గాజు క్లీనర్లు, వెనిగర్, స్పిరిట్, అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ పూతను తినేసే ప్రమాదం ఉంది. పూత లేచిన చోట మ్యాపులాంటి మచ్చ ఏర్పడుతుంది, అది మురికి అనుకుని రుద్దితే ఇంకా పెద్దదవుతుంది.

తుడుస్తుంటే వేలి కింద రంగులు అలలా కదిలితే బలం ఎక్కువ పెడుతున్నట్టే. స్క్రీన్ వెలుగుతున్నప్పుడే ఇది కనిపిస్తుంది, ఆపేస్తే హెచ్చరిక ఉండదు కాబట్టి మొదటినుంచీ చేయి తేలిగ్గా ఉంచండి.

ఆరడానికి పది నిమిషాలు తెరిచి పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో తొందరగా ఆరుతుందని ఎండలో పెట్టే పని, హెయిర్ డ్రయర్ పట్టే పని చేయొద్దు.

గుడ్డల్ని కొద్ది డిటర్జెంటుతో విడిగా ఉతికి, ఆఖరున ఆర్వో నీళ్లతో జాడించండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే దాని పొర స్క్రీన్‌కు అంటుతుంది. మేడ మీద తీగకు కాక ఇంట్లోనే ఆరేసి, ఆరిన వెంటనే జిప్ కవర్లో పెట్టండి. కింద పడిన గుడ్డ ఉతికేదాకా పనికిరాదు.

తుడిచాక కూడా కీబోర్డు ఆకారంలో మసక గళ్లు కనబడితే అది కీల మీది చేతి జిడ్డు, మూత వేసినప్పుడు స్క్రీన్‌కు అంటింది. కీబోర్డు కూడా తుడిస్తేనే అది ఆగుతుంది. మూత వేసేముందు కీల మధ్య ఇసుక గింజో బియ్యపు గింజో ఉందేమో చూడండి, బ్యాగులో బరువు పడితే గింజ ఉన్న చోటే స్క్రీన్ పగులుతుంది. కీబోర్డుకూ స్క్రీన్‌కూ మధ్య అడ్డంగా వేసే గుడ్డ కాగితమంత పలుచగా లేకపోతే అదీ ప్రమాదమే.