అన్నం మిగులుతుంది, కూర తగ్గుతుంది: మహమ్మారి రోజుల్లో ఇంటి తిండి నడుపుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో ఏ కష్టం వచ్చినా బియ్యానికి పెద్దగా లోటు రాదు. 2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలైన నాటికి చేలల్లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతకు దగ్గరపడింది. ఆ తర్వాత రేషన్ కార్డులో మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఉచిత బియ్యమూ వచ్చాయి. లోటు వచ్చేది అన్నం పక్కన వడ్డించే వాటిలోనే. కూలి ఆగితే ముందు పాలు సగమవుతాయి, తర్వాత గుడ్డు, చేప, చివరికి పప్పు తగ్గుతాయి. బడి మూస్తే మధ్యాహ్న భోజనంలో పిల్లలు తినే గుడ్డూ పోతుంది. పచ్చడి మెతుకులతో కడుపు నిండుతుంది కాబట్టి తేడా వెంటనే తెలియదు. కొన్ని వారాలకు చంటిపిల్లల బరువులో, బాలింత నీరసంలో బయటపడుతుంది.

అందుకే చేతిలో ఉన్న డబ్బు ముందు పప్పుకి పెట్టండి. ఉచిత బియ్యంతో పాటు కార్డుకి నెలకు ఇచ్చినది కిలో పప్పు లేదా శనగలు. నలుగురున్న ఇంట్లో అది రోజుకి 33 గ్రాములు, అంటే మనిషికి 8 గ్రాములే. మాంసం, చేప తినని పెద్దవాళ్ళకు రోజుకి 80 గ్రాముల పైనే కావాలి. ఆ తేడా పూడ్చడానికి ఊళ్ళో రైతు దగ్గరే మినుములో పెసలో పొట్టుతోనే కొనండి, ధర కలిసొస్తుంది. రెండు ఎండలు చూపించి, నీడలో పూర్తిగా చల్లారాక కిలోకి చిన్న చెంచా ఆముదం పట్టించి డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. వండే ముందు బాగా కడగాలి. కోనసీమ ఇళ్ళలో కొబ్బరికి కొదవ ఉండదు, రోజూ కొబ్బరి పచ్చడితో సరిపెట్టేస్తారు. కొబ్బరి బలమే గానీ, మాంసకృత్తులు అందించే పప్పు పని చెయ్యదు.

గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కోళ్ళ వల్ల కరోనా వస్తుందన్న పుకారు నమ్మి 2020లో చాలామంది గుడ్లూ కోడిమాంసమూ మానేశారు. అది అబద్ధం. బాగా ఉడికిన గుడ్డు ఏ భయం లేకుండా తినొచ్చు. అందరికీ చాలకపోతే ముందు ఐదేళ్ళ లోపు పిల్లలకీ, గర్భిణికీ, బాలింతకీ పెట్టండి. అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే సరుకు వాళ్ళది, దాన్ని ఇంటి సామానులో కలిపేస్తే వాళ్ళ వాటా కరిగిపోతుంది. ఆడవాళ్ళు అందరూ తిన్నాక తినే ఇళ్ళలో వాళ్ళ పప్పూ కూరా ముందే గిన్నెలో తీసి పక్కన పెట్టాలి.

మామూలుగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట ఆపుతారు. అప్పటికి మెత్తళ్ళు (చిన్న ఎండు చేపలు), ఎండు రొయ్యలు, రొయ్యపొట్టు ఉంచుకోండి. వండే ముందు గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి. కూరలో ఉప్పు రుచి చూశాకే వెయ్యాలి. బీపీ ఉన్నవాళ్ళకి కొద్దిగానే. ఎర్రటి మచ్చలు పట్టినవీ, జిగురొచ్చినవీ పారేయండి.

ఆకుకూరకి సంత తెరిచేదాకా ఆగక్కర్లేదు. విత్తనాల కొట్టు మూసి ఉంటే పోపుల డబ్బాలో మెంతులూ ధనియాలూ చాలు. మెంతులు రాత్రి నానబెట్టి ఒత్తుగా చల్లండి, మూడు వారాల్లో కోతకొస్తాయి. ధనియాలు రెండు బద్దలయ్యేలా చేత్తో నలిపి వెయ్యాలి. తోటకూర విత్తనం సన్నం కాబట్టి గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే గుంపుగా పడదు. అది నెలలోపే కూరకొస్తుంది. బచ్చలి, పొన్నగంటి రెండు మూడు కణుపుల ముక్క గుచ్చితే నాటుకుంటాయి. మన నల్లమట్టిలో నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి, మడి జానెడు ఎత్తు చెయ్యండి. మునగచెట్టుంటే పప్పులో రోజూ గుప్పెడు ఆకు వెయ్యండి. దించాక నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనమవగానే టీ తాగితే పట్టదు, గంట ఆగాలి.

బియ్యం ఒకటి రెండు సార్లే కడిగి అత్తెసరు పెట్టండి. గంజి వారిస్తే బి విటమిన్లు అందులోనే పోతాయి. వార్చక తప్పకపోతే ఆ గంజి ఉప్పేసి తాగండి, లేదా చారులో కలపండి.

జ్వరమొచ్చిందని లంఖణం పెట్టొద్దు. ఒళ్ళు వైరస్‌తో పోరాడే రోజుల్లో తిండి మానిస్తే కండ కరుగుతుంది, నీరసం వారాలపాటు వదలదు. రుచీ వాసనా తెలియని రోగికి పూటకి పళ్ళెం నిండా పెడితే తినలేడు. రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెసరపప్పు కిచిడీ, కట్టు చారు, మజ్జిగ, బాగా ఉడికిన గుడ్డు ఇవ్వండి. కషాయాన్ని భోజనం కింద లెక్క వెయ్యకండి. తల్లికి కరోనా వచ్చినా మాస్కు కట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని పాలివ్వొచ్చు. ఆరు నెలలు నిండిన బిడ్డకి పాలతో పాటు మెత్తగా మెదిపిన పప్పన్నంలో చెంచాడు నెయ్యో నూనో కలిపి పెట్టాలి.

అంగన్‌వాడీలో బరువు తూయడం ఆగినా, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లల జబ్బ కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. ఎడమ చెయ్యి వదులుగా వేలాడదీసి, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ టేపు చుట్టండి, బిగించకూడదు. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే తిండి పెంచి ఆశా కార్యకర్తకి చెప్పండి. 11.5కి తగ్గినా, రెండు పాదాలకీ వాపు కనిపించినా ఆ రోజే ఏఎన్ఎంకి ఫోన్ చెయ్యండి.