ముహూర్తాలు మొదలయ్యే ముందు: బరాత్‌కు ఆడే గుర్రాన్ని తీసుకెళ్లేవాళ్లకు

మాఘమాసం నుంచి ఎండాకాలం ముహూర్తాలు ముగిసేదాకా బరాత్ గుర్రాలకు తీరిక ఉండదు. మా ఇంట్లో రెండు తరాలుగా గుర్రాలు ఉన్నాయి. నేను కళ్లారా చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఒకే చోట మొదలయ్యాయి. పగ్గం పట్టుకున్న మనిషి ఆగుదాం అన్నాడు, ఊరేగింపు ఆగలేదు. అందుకే ఈ సీజన్‌కు ముందు గుర్రాన్ని ఎంత శ్రద్ధగా సిద్ధం చేస్తారో, పగ్గం పట్టే మనిషిని కూడా అంతే శ్రద్ధగా సిద్ధం చేయండి.

ఎందుకంటే గుర్రం ముందుగా చదివేది ఆ మనిషినే. 1904లో బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం పేరు మారుమోగిపోయింది. దాని యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ రిటైరైన లెక్కల మాస్టారు. కూడిక అడిగితే జవాబు ఎంతో అన్నిసార్లు హన్స్ డెక్కతో నేలను తట్టేది. ఆ పెరట్లోకి జనం గుంపులుగా వచ్చి చూసేవారు, ఆయన ఎవరి దగ్గరా డబ్బు తీసుకునేవారు కాదు. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు నెలల తరబడి పరీక్షించి 1907లో అసలు సంగతి రాశారు. సరైన అంకె రాగానే అడిగినవాళ్ల తల వాళ్లకే తెలియకుండా రవ్వంత పైకి లేచేది. హన్స్ అది చూసి తట్టడం ఆపేది. జవాబు తెలియనివాళ్లు అడిగినా, అడిగే మనిషి కనబడకుండా చేసినా లెక్క తప్పేది. మాస్టారు మోసం చేయలేదు. తాను సైగ చేస్తున్నట్టు ఆయనకే తెలియదు.

అంత చిన్న కదలికను పట్టుకునే జంతువుకు మీ పిడికిలి బిగుసుకోవడం తెలియదా? పక్కన టపాసు పేలుతుందేమోనని మీరు టెన్షన్ పడితే, అది పేలకముందే గుర్రం చెవులు వెనక్కి పడతాయి. కాబట్టి రాత్రంతా నిద్ర లేని మనిషికి, మందు వాసన వచ్చే మనిషికి, నిన్న పనిలో చేరిన కుర్రాడికి పగ్గం ఇవ్వకండి. గుర్రానికి రోజూ దాణా పెట్టే చెయ్యే ఆ రాత్రి పగ్గం పట్టాలి. పెద్ద ఊరేగింపు అయితే జనాన్ని దూరంగా ఉంచడానికి పక్కన ఇంకొకరు ఉండాలి, కానీ పగ్గం మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి.

అడ్వాన్స్ తీసుకునే రోజే పెళ్లివారితో మాట్లాడుకోండి. "అయ్యా, గుర్రం దగ్గర టపాసులు వద్దు, పేపర్ బ్లాస్టులు వద్దు. మావాడు చెయ్యెత్తితే డప్పు, డీజే రెండూ ఆపాలి. పెళ్లికొడుకును దింపమంటే దింపాలి" అని చెప్పి ఒప్పించుకోండి. ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి. డబ్బు అవసరం ఎంతటిదో నాకు తెలుసు, అయినా ఈ మాట చెబుతున్నాను. ఒకసారి మా గుర్రం కాళ్ల మధ్య ఎవరో చిచ్చుబుడ్డి పెట్టారు. మా నాన్న గుర్రాన్ని అదుపు చేసేలోపు పెళ్లికొడుకుకు తోడుగా జీను మీద కూర్చున్న పిల్లవాడు జారి కింద పడ్డాడు. అదృష్టవశాత్తు చెయ్యి మాత్రమే విరిగింది. ఆ తర్వాత ఏ పెళ్లికీ జీను మీద ఇద్దరిని ఎక్కించలేదు.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదన్నది సాధారణ లెక్క. 350 కిలోల గుర్రానికి జీనుతో కలిపి 70 కిలోలు. పెళ్లికొడుకు భారీ మనిషైతే దూరం తగ్గించండి, లేదా బండి పెట్టుకోమనండి.

కరెంటు గురించి ఎవరూ పట్టించుకోరు. లైట్లు మోసేవాళ్ల తీగలు జనరేటర్ నుంచి రోడ్డు పొడవునా కాళ్ల కింద పడి ఉంటాయి. గుర్రానికి ఇనుప లాడాలు ఉంటాయి. నేల తడిగా ఉండి తీగ ఎక్కడైనా తెగి ఉంటే ముందు పోయేది గుర్రమే. తీగలు అతుకులు లేకుండా ఉన్నాయో లేదో బయల్దేరే ముందు మీరే చూడండి, తీగలను ఒక పక్కకే ఉంచమనండి. ఫంక్షన్ హాల్ ముందు ఉండే నున్నటి గ్రానైట్ మీద లాడం జారుతుంది. అక్కడ గోనెపట్టాలు పరిపించండి, లేదా గేటు దగ్గరే దింపేయండి.

ఆట విషయానికొస్తే, ఉన్నచోటే కాళ్లు ఎత్తి వేసే ఆ నడక చూడటానికి అందంగా ఉంటుంది గానీ గుర్రానికి అది పరుగంత శ్రమ. కాసేపు ఆడించాక మామూలుగా నడిపించండి. మంచం మీద ఎక్కించి ఆడించమన్నా, వెనక కాళ్ల మీద నిలబెట్టమన్నా గట్టిగా కాదనండి. ముళ్ల కళ్లెం వాడటం 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారమే నేరం. నోరు చీలిన గుర్రం ఆడేది ఆనందంతో కాదు, నొప్పితో. చూడి గుర్రాన్ని చివరి నెలల్లో అసలు తీసుకెళ్లకండి.

మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా, రాజస్థాన్‌లోని పుష్కర్ లాంటి సంతల నుంచి కొత్త గుర్రాన్ని తెచ్చినవాళ్లు దాన్ని మిగతావాటితో కలపకుండా కనీసం మూడు వారాలు వేరే పాకలో ఉంచండి. నీళ్ల తొట్టి, దాణా గిన్నె కూడా వేరుగా పెట్టండి. గ్లాండర్స్ అనే అంటురోగం ఉందేమో రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. అది మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీస్తుంది. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో రాసి పెట్టుకోండి. రోడ్డు మీది చిన్న మేకు గుచ్చుకున్నా గుర్రానికి ఆ జబ్బు తేలిగ్గా వస్తుంది.

పెళ్లివారు ప్రేమతో లడ్డూలు, బెల్లం, పెరుగన్నం పెడతారు. చేతులు జోడించి వద్దనండి. గుర్రానికి వాంతి రాదు. లోపలికి పోయిన తిండి పొట్టలో పులిస్తే శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది, ఆ తర్వాత డెక్కల లోపల వాపు వచ్చి జీవితాంతం కుంటే ప్రమాదం ఉంది. వేసవిలో అయితే బయల్దేరే ముందు కడుపునిండా నీళ్లు తాగించి, మధ్యలో బకెట్ అందుబాటులో ఉంచండి. ఆయాసం తగ్గకపోయినా, చెమట పట్టాల్సిన ఒళ్లు పొడిగా ఉండిపోయినా అక్కడే ఆపేయండి. నీడలోకి తీసుకెళ్లి ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూనే ఉండండి, ఈలోగా పశువైద్యుడిని పిలవండి. మామూలుగా దాని వేడి 38.5 డిగ్రీలు దాటదు. చవకరకం థర్మామీటర్ కాకుండా మంచిది కొని సంచిలో పెట్టుకోండి.

ఇంటికొచ్చాక పగ్గం విప్పేసి పడుకోవాలనిపిస్తుంది. కొంచెం ఓపిక పట్టండి. జీను తీసి వీపు మీద చెయ్యి వేసి చూడండి, వేడిగా ఉన్నచోటు, పుండు పడ్డచోటు దొరుకుతుంది. నాలుగు డెక్కలూ ఎత్తి మేకులు, గాజుపెంకులు ఉన్నాయేమో చూడండి. నీళ్లు అరబకెట్ చొప్పున ఇచ్చి, తర్వాత గడ్డి వేయండి. ఉలవ గుగ్గిళ్లు గంట ఆగాకే. తెల్లారి లేవగానే పాకలోకి వెళ్లి లద్దె వేసిందో లేదో చూడండి. లద్దె లేకుండా గుర్రం పొట్టవైపు తిరిగి తిరిగి చూస్తూ, కాలితో నేల గీరుతుంటే మళ్లీ రాత్రి బరాత్ ఒప్పుకున్నా సరే, ముందు డాక్టరుకు ఫోన్ చేయండి, తర్వాత పెళ్లివారికి.