పాత మిలిటరీ తోలు సామాను: అదేమిటో అంతుపట్టనప్పుడు

ముందే ఒక మాట. వస్తువేమిటో తేలేదాకా నూనె రాయొద్దు, పాలిష్ పట్టొద్దు. సగం ఆనవాళ్లు ఆ మురికిలోనే ఉంటాయి.

సమస్య: ముద్ర ఎక్కడా కనిపించడం లేదు

చాలాసార్లు ముద్ర పోదు, అరిగి లోతు తగ్గుతుంది. లేదా మనం పైపైన వెతుకుతుంటాం. మూత లోపలి వైపు, లూపుల వెనక చూడండి. గదిలో లైటు ఆపి, టార్చిని తోలుకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడనివ్వండి. పైనుంచి మచ్చలా ఉన్నదే నీడ పడగానే అక్షరంలా కనిపిస్తుంది. తడిగుడ్డ మాత్రం వద్దు, సిరా ముద్రలైతే చెరిగిపోతాయి.

సమస్య: ముద్ర ఉంది, అర్థం కావడం లేదు

మూడు గీతలు ఒకచోట కలిసిన బాణం బ్రిటన్ ప్రభుత్వ సొత్తుకు గుర్తు. అదే బాణం ‘సి’ అక్షరం లోపల ఉంటే కెనడా, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. రెండు బాణాలు మొనకు మొన ఆని ఉంటే, సైన్యం దాన్ని వదిలించుకుని అమ్మేసిందన్నమాట. ఏడాది దగ్గర చాలామంది పొరబడతారు. ముద్రలో ఉండేది ఆ వస్తువు తయారైన ఏడాది, నమూనా ఏడాది (ఆ డిజైన్ మొదట వచ్చిన ఏడాది) కాదు. 1903 నమూనా తూటాల పట్టీ మీద 1915 అని ఉంటే అది నకిలీ అని టెన్షన్ పడక్కర్లేదు.

సమస్య: దేనికి వాడేవారో తెలియడం లేదు

అసలు తిప్పలన్నీ ఇక్కడే. కారణం ఒక్కటే, లోపల ఉండాల్సిన వస్తువు లేదు. కాబట్టి సంచిని కాదు, అందులోని ఖాళీని చూడండి. ఉదాహరణకు మందపాటి తోలుతో, కింది అంచు గుండ్రంగా ఉన్న సంచి, దానికే కుట్టిన పొడవాటి లూపు. చూడగానే ఏదో పర్సు అనిపిస్తుంది. కానీ పర్సుకు అంత మందం తోలెందుకు? అది బ్రిటిష్ గుర్రపు దళం వాడిన లాడాల సంచి. అదనపు లాడాలు, మేకులు లోపల, కత్తి ఒర ఆ లూపులో. వెనక బెల్టు లూపులకు బదులు బకిళ్లున్న పట్టీలు ఉంటే అది మనిషి నడుముకు కాదు, జీనుకు తగిలించేదని అనుమానించండి. నలిగిపోయిన సంచిలో మెత్తని కాగితం కూరితే ఆకారం కొంత తిరిగొస్తుంది. తోలు ఒప్పుకున్నంత వరకే సుమా, బలవంతం చేస్తే పగులుతుంది.

సమస్య: అన్నీ సరిపోయాయి, రంగు తప్ప

అమెరికా సైన్యం 1950ల చివర్లో గోధుమ రంగు నుంచి నలుపుకు మారింది. అప్పటికే ఉన్న సామానుకు నల్లరంగు పూశారు. మూత కింద, లూపుల సందుల్లో గోధుమ రంగు ఇంకా మిగిలి ఉంటుంది.

సమస్య: చేతికి ఎర్రపొడి అంటుతోంది

చెట్టు బెరడుతో పదును చేసిన తోలుకు వచ్చే జబ్బు ఇది, వెనక్కి తిప్పలేం. నూనెతో నయం కాదు. తక్కువగా ముట్టుకోండి, అంతే.

సమస్య: ఇత్తడి చుట్టూ ఆకుపచ్చటి మైనం

తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిసి అలా పేరుకుంటాయి. చెక్కపుల్లతో మెల్లగా గీకండి, లోహపు మొన వద్దు. దాని కింద బకిల్ మీద తయారీదారు పేరు బయటపడొచ్చు. నమ్మేముందు బకిల్ దగ్గరి కుట్టు చూడండి. మిగతా దారం పాతదై, అక్కడ మాత్రం నైలాన్ మెరుస్తుంటే ఆ పేరు వేరే వస్తువుది.