పసుపు లైటు మిణుకుమంటే సిగ్నల్ పాడైనట్టు కాదు

మా అన్నయ్య కొడుకు సోంపేట నుంచి ఒడిశాలోని బరంపురం వచ్చి నెల కాలేదు. చేతిలో ఉన్నది లెర్నర్ లైసెన్స్. మొన్న రాత్రి వాడు కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్నాను. ఎదురుగా జంక్షన్‌లో పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. "సిగ్నల్ పాడైనట్టుంది బాబాయ్" అంటూ వేగం తగ్గించకుండా పోనిచ్చాడు. కుడివైపు నుంచి ఇటుకల ట్రాక్టర్ వచ్చింది. హ్యాండ్ బ్రేక్ లాగేశాను. కారు ఆగాక చూస్తే ట్రాలీకి, మా బంపర్‌కి మధ్య జానెడు ఎడం.

ఇటు కొత్తగా వచ్చే మనవాళ్లందరికీ అందుకే ఇది రాస్తున్నాను. సీటు బెల్టు, అద్దాలు, ఎరుపు, ఆకుపచ్చ సంగతి మీకు తెలిసిందే. మిణుకుమనే పసుపు దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు. రాత్రి రద్దీ తగ్గాక చాలాచోట్ల సిగ్నల్‌ని అలా పెట్టేస్తారు. ఎవరు ముందు వెళ్లాలో ఇక లైటు చెప్పదు, మీరే చూసుకోవాలి. నాలుగు వైపులా పసుపే ఉంటే అడ్డంగా వచ్చేవాడూ తనకే దారి ఉందనుకుంటాడు. కాబట్టి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి రెండో గేరుకి రండి. కుడి, ఎడమ, మళ్లీ కుడి చూడండి, ఎందుకంటే మనకి ముందు తగిలేది కుడివైపు బండే. చిన్న రోడ్డు మీంచి పెద్ద రోడ్డెక్కేవాడు ఆగాలి. రెండూ సమానమైన రోడ్లయితే కుడివైపు వాడికి దారివ్వాలి.

మిణుకుమనే ఎరుపు వేరు. అక్కడ స్టాప్ లైన్ వెనక చక్రం పూర్తిగా ఆగాలి, ఖాళీ చూసుకున్నాకే కదలాలి. వచ్చిన కొత్తలో నేను దాని ముందు ఆకుపచ్చ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అది పడదు. వెనక ఆటోలు హారన్లు కొట్టేసరికి టెన్షన్ వచ్చి, అటూ ఇటూ చూడకుండా ఒక్కసారిగా ముందుకి ఉరికించాను. సైకిల్ మీద పాలు తెస్తున్న పెద్దాయన పడిపోయాడు. మోకాలు గీరుకుపోయింది, క్యాన్ మూత ఊడి పాలన్నీ రోడ్డు మీద పారాయి. ఆయన ఒడియాలో తిడుతుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు, క్షమించమని అడగడానికి నాకు మాట కూడా రాలేదు. ఆ పాలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. హారన్ కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు, కొట్టనివ్వండి.

ఇంకో అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జంక్షన్‌లో నేరుగా వెళ్లడానికి నాలుగు ఇండికేటర్లూ వేస్తారు. పక్క రోడ్డువాడికి మీ బండి ఒక వైపే కనిపిస్తుంది, మీరు తిరుగుతున్నారనుకుని వచ్చేస్తాడు. అవి బండి చెడిపోయి ఆగినప్పుడు వేసేవి. నేరుగా వెళ్లడానికి ఏ ఇండికేటరూ అక్కర్లేదు. అలాగే ఎదుటి లారీ హెడ్‌లైట్లు టపటపా కొడితే మీకు దారిస్తున్నాడని పొరపడకండి. చాలాసార్లు "నేను ఆగను" అని చెప్పడమే అది.

బోర్డుల మీద ఒడియా లిపి గుండ్రంగా మనదానిలాగే కనిపించినా చదవబోతే చదవలేం. ఇక్కడ జంక్షన్‌ని ఛక అంటారు, ధీరే అంటే మెల్లగా. ఈ రెండూ ముందు నేర్చుకోండి.

రైలు గేటు దగ్గర ఎర్రలైట్లు వెలిగి హూటర్ మోగితే బైకైనా సరే దూరొద్దు. బరంపురం మీదుగా పోయేది హౌరా–చెన్నై లైను, రానూ పోనూ వేర్వేరు ట్రాకులు. ఒక బండి వెళ్లిపోయాక రెండోవైపు నుంచి ఇంకొకటి రావచ్చు.

ఇంత గట్టిగా చెప్పానని బెంగపడకండి. లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు నిండాకే టెస్టుకి వెళ్లొచ్చు. ఆ రోజుల్లో లైసెన్స్ ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని రాత్రిపూట ఒకే జంక్షన్ నాలుగైదుసార్లు దాటండి, చెయ్యి కుదురుకుంటుంది. నిన్న మళ్లీ అక్కడికే తీసుకెళ్లాను. మావాడు నేను చెప్పకుండానే రెండో గేరుకి వచ్చాడు, కుడివైపు చూశాడు, ఒక స్కూటర్‌ని పోనిచ్చి, తర్వాత కదిలాడు.