నల్లబడ్డ వెండిని రుద్దకండి

శ్రావణమాసం వస్తోందంటే చాలు, వెండి కుందులు, కుంకుమ భరిణెలు, పట్టీలు బయటికి తీస్తారు. టూత్‌పేస్టు, విభూతి పెట్టి గట్టిగా తోమేస్తారు. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నలుపు మురికి కాదు. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడు లాంటి గంధకపు వాయువులతో కలిసి వెండే సిల్వర్ సల్ఫైడుగా మారింది. ఆ నలుపు బరువులో 87 శాతం వెండే. తోమినప్పుడల్లా అది గుడ్డకు అంటుకుని పోతుంది, నగిషీ అరిగిపోతుంది.

ఆ వెండిని తిరిగి వస్తువుకే ఇచ్చేయొచ్చు. ముందు జిడ్డు పోయేలా సబ్బుతో కడగండి. స్టీలు గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరవండి, ఏ వైపు పైకి ఉన్నా ఒకటే. వస్తువులు ఫాయిల్‌కు తగిలేలా పెట్టండి. లీటరు నీళ్లు మరిగించి దించి, రెండు చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు కొద్దికొద్దిగా కలపండి. ఒక్కసారే వేస్తే పొంగుతుంది. ఆ నీళ్లు వస్తువులు మునిగేలా పోయండి. కుళ్లిన గుడ్డు వాసన కాస్త వస్తుంది, వెండిని వదిలిన గంధకం అది. కిటికీ తెరిచి ఉంచండి.

అల్యూమినియం ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేసే లోహం. ఆ గుణాన్ని వోల్టుల్లో కొలిచేది ప్రమాణ పొటెన్షియల్, అది ఎంత మైనస్ అయితే ఎలక్ట్రాన్లను వదలడం అంత తేలిక. అల్యూమినియానికి అది మైనస్ 1.66 వోల్టులు. సిల్వర్ సల్ఫైడు వెండిగా మారే చర్యకు అది సుమారు మైనస్ 0.69. ఈ తేడా వల్లే ఎలక్ట్రాన్లు ఫాయిల్ నుంచి వెండి వైపు వెళ్తాయి. అల్యూమినియం ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఆక్సీకరణం చెందుతుంది, సల్ఫైడు వాటిని తీసుకుని క్షయకరణం చెంది వెండి అవుతుంది. ఎలక్ట్రాన్లు వెళ్లేది లోహం గుండానే కాబట్టి రెండూ తగలాలి. నమ్మకం కుదరకపోతే ఒక పట్టీని దారంతో వేలాడదీసి, ఫాయిల్‌కు తగలకుండా అదే నీళ్లలో ముంచి చూడండి. నల్లగానే ఉంటుంది. కరెంటు వలయం పూర్తి కావడానికి నీళ్లలోని అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, రెండో దారి. ఉప్పూ సోడా ఉన్నది అందుకే.

మా పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చర్య జరిగే వీలుందా లేదా అన్నది పొటెన్షియల్ చెబుతుంది, ఎంత వేగంగా జరుగుతుందో చెప్పదు. అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడు పొర ఉంటుంది. అది అడ్డుపడితే ఎన్ని వోల్టుల తేడా ఉన్నా పని నడవదు. సోడాలోని క్షారం ఆ పొరను కరిగిస్తుంది, ఉప్పులోని క్లోరైడు దాన్ని బలహీనపరుస్తుంది. ఇక వేడి. చర్యకు కావలసినంత శక్తి ఉన్న కణాల సంఖ్య ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. దీన్ని 1889లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త అరీనియస్ ఒక సమీకరణంగా రాశాడు. చాలా చర్యలకు 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఓ మోటు లెక్క. మరిగిన నీళ్లలో కొన్ని నిమిషాల్లో తెల్లబడే పట్టీ చన్నీళ్లలో మొరాయించేది అందుకే. ఫాయిల్‌ను ఉండ చేసి పడేయకండి, పరిస్తేనే ఎక్కువ తలం నీటికి దొరుకుతుంది.

నలుపు దట్టంగా ఉంటే వస్తువును తిప్పి పెట్టండి. నీళ్లు చల్లారితే మార్చండి. ఫాయిల్ మసకబారితే కొత్తది వేయండి.

ముత్యాలు, పగడాలు, అతికించిన రాళ్లు ఉన్నవాటిని, లక్క నింపిన గాజులను ఇందులో ముంచొద్దు. ఆక్సిడైజ్డ్ నగలకైతే ఆ నలుపే అందం, అదీ పోతుంది.

మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తడి పూర్తిగా ఒత్తేయండి. నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరబడని కవర్లో దాచండి. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టొద్దు. రబ్బరులోనూ గంధకం ఉంటుంది, చుట్టిన చోటే నల్లటి చార పడుతుంది.