ఊహా సమాజాల కథ రాయడం – మూడో పాఠం: నియమాన్ని గడప దాటించడం

గత పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. భార్యాభర్తల మధ్యకు ప్రభుత్వం జొరబడే నియమం ఒకటి, ఒకే వాక్యంలో రాయమన్నాను. ‘ప్రేమించుకోవడం నేరం’ లాంటిది రాసి ఉంటే పక్కన పెట్టేయండి. అది చదివి ఎవరూ భయపడరు. నిజంగా భయపెట్టే నియమం ఏదో ఒక మేలు వెంటబెట్టుకుని వస్తుంది. దాన్ని సాయం రూపంలో ఇంట్లోకి ఎలా తేవాలన్నదే ఈ పాఠం.

మన చిత్తూరు వైపే చూడండి. ఒంటరి మహిళ పింఛను ఉంది. ఎన్నో ఇళ్లలో బియ్యానికీ మందులకూ ఆ డబ్బే ఆధారం. మంచి పథకం, అందులో నాకు అనుమానం లేదు. కానీ అది రావాలంటే మొగుడు తనతో లేడని ఆ ఆడమనిషి ఆఫీసుకు రుజువు చూపించాలి. ఇక్కడ ఆగండి. ఆ రుజువు నెలనెలా అడిగితే? మీ కథ అక్కడ మొదలవుతుంది. ఇప్పుడున్న నియమాన్ని ఒక్క మెట్టు పైకి జరపండి, రెండు వద్దు. రెండు జరిపితే చదివేవాడు ‘ఇది మనూరు కాదులే’ అని హాయిగా పేజీ తిప్పేస్తాడు.

ఆ ఒక్క మెట్టు ఎలా ఉంటుందో రాసి చూపిస్తాను. చోటు తిరుపతి జీవకోన, కాలం ఇంకో పదేళ్ల తర్వాత.

వార్డు సచివాలయం నుంచి వచ్చిన పిల్ల ట్యాబ్ తీసి, వేలిముద్ర మిషన్‌ని చున్నీతో తుడిచింది.

“వేలు పెట్టక్కా.”

రెండుసార్లు పడలేదు. మూడోసారి పచ్చలైటు వెలిగింది.

“ఈ నెల మీ ఇంట్లో కరెంటు ముప్పై యూనిట్లు ఎక్కువ కాలింది. ఎవురన్నా వచ్చినారా?”

“మా తమ్ముడు వచ్చినాడు పాపా, పలమనేరు నించి.”

“ఎన్ని దినాలు ఉన్నాడు?”

“మూడు దినాలు.”

టైప్ చేస్తూ పిల్ల తలెత్తింది. తలుపు వెనక కొక్కేనికి గళ్ల లుంగీ వేలాడుతోంది. చూసి, మళ్లీ ట్యాబ్‌లోకి తల దించుకుంది.

“తమ్ముడి ఆధార్ నంబరు చెప్పక్కా. లేకపోతే నాకు మెమో ఇస్తారు.”

ఇందులో దుర్మార్గులు లేరు. ఆ పిల్లకూ ఉద్యోగం టెన్షన్ ఉంది, అక్కా అనే పిలిచింది. భయమంతా ఆ చివరి మాటలో ఉంది: తమ్ముడని చెప్పిన మనిషికి ఇప్పుడు ఒక నంబరు కావాలి. ఇంకో సంగతి, ఇక్కడ కెమెరా పెట్టలేదు. కొత్తగా రాసేవాళ్లు మొదట పట్టుకునేది కెమెరానే, మనకేమో అది అలవాటైపోయింది. తిరుమలలో గదుల కేటాయింపుకు 2023 మార్చి 1 నుంచి ముఖం గుర్తించే పద్ధతి తెచ్చారు. దళారుల బెడద తగ్గడానికే తెచ్చారు, భక్తులు ముఖం చూపించి గది తీసుకుంటున్నారు. మీ పాత్రలు కూడా అంతే మామూలుగా ఒప్పుకోవాలి. గొడవపడే పాత్రను రాయడం తేలిక, థ్యాంక్స్ చెప్పి వేలు పెట్టే పాత్రను రాయడం కష్టం.

నియమాల కోసం ఊహ మీదే ఆధారపడకండి, చట్టాలు చదవండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో, పెళ్లి చేసుకోబోయేవాళ్ల నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించాలని ఉంది. 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. రుమేనియాలో 1966లో గర్భస్రావాన్ని నిషేధించారు, ఆ తర్వాతి కాలంలో ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకు గర్భ పరీక్షలు కూడా చేశారు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి పెళ్లి లేకుండా కలిసి ఉండే జంటలు రిజిస్టర్ చేసుకోవాలి.

అన్నిటికంటే నేను తప్పకుండా చదవమనేది 1983 నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు. పెళ్లి తిరుపతిలో, దావా కడపలో. విడిగా ఉంటున్న భార్యను కాపురానికి పంపమని భర్త కోర్టుకెక్కాడు. హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ అలా అడిగే హక్కు ఇస్తుంది. జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ చెల్లదన్నారు. కాపురం చేయాలా, బిడ్డను కనాలా అన్న నిర్ణయం, కాపురానికి పొమ్మనే కోర్టు ఆదేశంతో ఆమె చేతుల్లోంచి రాజ్యం చేతుల్లోకి పోతుందన్నది ఆయన వాదన. మరుసటేడే ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. చట్టంలో అది ఇంకా ఉంది. మీరు కల్పించబోయే లోకానికి సగం పునాది మన కోర్టు ఫైళ్లలోనే దొరుకుతుందని ఆ తీర్పు చదివితే తెలుస్తుంది.

వచ్చే పాఠానికి పని ఇది. మీ నియమానికి ఒక దరఖాస్తు ఫారం తయారు చేయండి, ఒక పేజీ చాలు. పేరు, వార్డు, రైస్ కార్డు నంబరు లాంటివి మామూలుగానే ఉండనివ్వండి. ఒక్క గడి మాత్రం మీ పాత్ర అబద్ధం ఆడకుండా నింపలేనిదై ఉండాలి. నాలుగో పాఠంలో ఆ అబద్ధం తెలిసిన పక్కింటి మనిషిని రాద్దాం.